మైక్రోవేవ్ ఓవెన్‌ని ఇంట్లో భద్రంగా వాడటం: ప్లగ్ పెట్టడం దగ్గర్నుంచి రిపేరు దాకా

మైక్రోవేవ్ ఓవెన్ గురించి జాగ్రత్తలు చెప్పమంటే అందరూ ముందు అడిగేది రేడియేషన్ గురించే. దగ్గర నిలబడొచ్చా, అందులో వేడి చేసింది తింటే ఏమైనా అవుతుందా అని. ఆ సంగతి కింద వివరంగా రాస్తాను గానీ, ముందే గట్టిగా చెప్పదలుచుకున్న మాట ఒకటుంది: ఇంట్లో ఈ ఓవెన్ వల్ల మనుషులకి జరిగే హాని చాలావరకు మామూలు వేడి వల్లే. మూత తీయగానే ఆవిరి ముఖానికి కొట్టడం, కప్పులోని నీళ్ళు ఉన్నట్టుండి చేతి మీదికి ఎగదన్నడం, గుడ్డు పేలడం, పైన పొగలు వస్తూ లోపల చల్లగా ఉన్న మాంసం తిని కడుపు పాడవడం. కిరణాలకి భయపడి దూరంగా నిలబడేవాళ్ళే గిన్నె బయటికి తీశాక ముఖం దగ్గర పెట్టుకుని మూత తీస్తుంటారు. అందుకని ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు వేడికే ఇచ్చాను.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకోండి

ఓవెన్ లోపల మాగ్నెట్రాన్ అనే భాగం ఉంటుంది. రాడార్ల కోసం వాడిన భాగమే ఇది. 1945లో రేథియాన్ కంపెనీలో పనిచేసే పెర్సీ స్పెన్సర్, మాగ్నెట్రాన్ దగ్గర ఉండగా తన జేబులోని తినుబండారం కరిగిపోవడం గమనించాడు, అక్కడి నుంచి వచ్చిందే ఈ వంటింటి యంత్రం. మాగ్నెట్రాన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగాలు పుట్టిస్తుంది. ఆహారంలోని నీటి అణువులు ఆ తరంగాలతో పాటు అటూ ఇటూ తిరగబోయి, పక్క అణువులతో రాపిడి పడి వేడెక్కుతాయి. నీళ్ళంత కాకపోయినా కొవ్వు, చక్కెర ఉన్న పదార్థాలు కూడా ఈ వేడి పట్టుకుంటాయి.

రెండు విషయాలు గుర్తుంచుకుంటే చాలు, కింద చెప్పే జాగ్రత్తల్లో సగం మీకే తడతాయి. ఒకటి, ఈ తరంగాలు ఆహారంలోకి సుమారు 2, 3 సెంటీమీటర్ల లోతు వరకే బాగా పనిచేస్తాయి, అంతకంటే లోపలికి వేడి మెల్లగా పాకాల్సిందే. "మైక్రోవేవ్ లోపలి నుంచి ఉడికిస్తుంది" అనేది నిజం కాదు. రెండు, ఓవెన్ గోడలకి తగిలి వెనక్కి వచ్చే తరంగాలు ఒకదాంతో ఒకటి కలిసి, కొన్నిచోట్ల బలంగా, కొన్నిచోట్ల దాదాపు ఏమీ లేకుండా తయారవుతాయి. కాబట్టి ఒకే గిన్నెలో ఒక మూల సలసల కాగుతుంటే ఇంకో మూల ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉండొచ్చు. గాజు పళ్ళెం తిరిగేది ఈ తేడా తగ్గించడానికే, అయినా పూర్తిగా పోదు.

రేడియేషన్ సంగతి

ఎక్స్‌రేలకి ఉన్నట్టు అణువుల్లోంచి ఎలక్ట్రాన్లని ఊడబెరికే శక్తి ఈ తరంగాలకి లేదు. ఆహారం రేడియోధార్మికంగా మారదు. స్విచ్ ఆపగానే బల్బు వెలుగు పోయినట్టే ఓవెన్ ఆగగానే తరంగాలూ పోతాయి, గిన్నెలో ఏమీ మిగిలి ఉండదు. పోషకాల విషయంలో కూడా అనవసరంగా భయపడుతున్నాం: తక్కువ నీళ్ళతో, తక్కువ సేపు ఉడికే కూరగాయల్లో నీళ్ళలో కరిగిపోయే విటమిన్లు బాగానే మిగులుతాయి.

తలుపు అద్దం లోపల కనిపించే చిన్న చిన్న రంధ్రాల లోహపు జల్లెడే మనకి రక్షణ. తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, రంధ్రాలు అంతకంటే చాలా చిన్నవి, అందుకే వెలుగు వస్తుంది గానీ తరంగాలు బయటికి రాలేవు. లీకేజీకి చట్టబద్ధమైన పరిమితులు కూడా ఉన్నాయి. ఉదాహరణకి అమెరికాలో 1971 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, ఓవెన్ పనిచేసినన్నాళ్ళూ దాని నుంచి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు దాటకూడదు, దూరం జరిగేకొద్దీ అది చాలా వేగంగా తగ్గిపోతుంది. తలుపు తెరవగానే తరంగాలని ఆపేసే లాక్ స్విచ్చులు కూడా ఒకటికి రెండు ఉంటాయి.

ఓవెన్ నడుస్తున్నప్పుడు వైఫై నెమ్మదిస్తే కంగారు పడకండి. రెండూ దాదాపు ఒకే ఫ్రీక్వెన్సీ వాడతాయి, వైఫై సిగ్నల్ ఎంత బలహీనమైనదంటే పరిమితికి ఎంతో లోబడిన లీకేజీ కూడా దాన్ని గందరగోళపెడుతుంది. ఓవెన్‌లో ఫోన్ పెట్టి తలుపు మూసి, రింగ్ వస్తే లీక్ అవుతున్నట్టు అని చెప్పే పరీక్షని కూడా నమ్మకండి, ఫోన్ వాడే ఫ్రీక్వెన్సీలు వేరు, అది కోరుకునే సిగ్నల్ బలం వేరు.

నిజంగా పట్టించుకోవాల్సింది తలుపు పరిస్థితి. తలుపు వంగినా, బందులు వదులైనా, చుట్టూ ఉన్న సీల్ చిరిగినా, జల్లెడకి తుప్పు పట్టినా, అన్నిటికంటే ముఖ్యంగా తలుపు తెరిచినా ఓవెన్ నడుస్తూనే ఉన్నా, ఆ క్షణమే ప్లగ్ తీసేయండి, టెక్నీషియన్ చూసేదాకా మళ్ళీ వాడొద్దు. తలుపు మీద బరువు వేలాడదీయడం, పిల్లలు దాన్ని పట్టుకుని వేలాడటం, సీల్ దగ్గర జిడ్డు పేరుకోనివ్వడం, తలుపు పాడయ్యేది వీటి వల్లే.

మొదటి పని: చోటు, కరెంటు

ఓవెన్‌ని గట్టి, సమతలమైన బల్ల మీద పెట్టండి. ఎత్తు విషయంలో రాజీ పడొద్దు: గిన్నె తీసేటప్పుడు అది మీ ముఖానికి, భుజాలకి పైన ఉండకూడదు. కాగే సూపు తలకంటే ఎత్తులోంచి దించేటప్పుడు చేయి వణికితే అది పడేది ముఖం మీదే. అలాగని ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళు తలుపు తెరిచి కప్పు లాక్కునేంత కిందా వద్దు.

వెనకా పక్కలా పైనా గాలి ఆడాలి. ఎంత ఖాళీ వదలాలో మీ ఓవెన్ మాన్యువల్‌లో ఉంటుంది, అంత వదలండి. గాలి బయటికి పోయే కన్నాల మీద గుడ్డలు, పుస్తకాలు, బ్రెడ్డు ప్యాకెట్లు పెట్టడం చాలా ఇళ్ళలో అలవాటు, అది మానాలి.

కరెంటు దగ్గర చాలామంది తికమకపడేది వాట్ల విషయంలో. ఓవెన్ లేబుల్ మీద రెండు అంకెలుంటాయి. ఆహారానికి అందే శక్తి ఒకటి, గోడలోంచి లాగే కరెంటు ఇంకొకటి. 800 వాట్ల ఓవెన్ అని కొన్నది గోడలోంచి 1200 వాట్లు లాగొచ్చు, గ్రిల్, కన్వెక్షన్ (వేడిగాలి తిప్పి వండే ఏర్పాటు) ఉన్నవి ఇంకా ఎక్కువే. కాబట్టి ఆ పెద్ద అంకెకి సరిపోయే, ఎర్తింగ్ ఉన్న సాకెట్‌లో నేరుగా పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి అందులోనే కెటిల్ కూడా గుచ్చితే తీగ వేడెక్కి కరిగిపోతుంది. ప్లగ్ గానీ తీగ గానీ పట్టుకుంటే వేడిగా అనిపిస్తోందా? వాడటం ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

రెండో పని: మీ ఓవెన్ బలం ఎంతో తెలుసుకోవడం

ప్యాకెట్ మీద "3 నిమిషాలు" అని రాసి ఉంటుంది, కానీ ఎన్ని వాట్ల ఓవెన్‌లో అన్నదే అసలు ప్రశ్న. లెక్క సులువు. 1000 వాట్ల దగ్గర 3 నిమిషాలంటే 180 సెకన్లు, మీది 800 వాట్లయితే 180ని 1000తో గుణించి 800తో భాగించండి, 225 సెకన్లు, అంటే 3 నిమిషాల 45 సెకన్లు. మీది ఎక్కువ బలమైనదైతే ఇదే లెక్కలో సమయం తగ్గుతుంది, తగ్గించకపోతే మాడిపోతుంది.

లేబుల్ చెరిగిపోయిందా, ఓవెన్ పాతబడి మునుపటిలా వేడి చేయట్లేదనిపిస్తోందా? సరిగ్గా ఒక లీటరు చల్లటి నీళ్ళు మైక్రోవేవ్‌కి పనికొచ్చే గిన్నెలో పోసి, థర్మామీటరుతో ఉష్ణోగ్రత రాసుకుని, ఫుల్ పవర్‌లో 2 నిమిషాలు పెట్టి, బాగా కలిపి మళ్ళీ చూడండి. ఎన్ని డిగ్రీల సెల్సియస్ పెరిగిందో దాన్ని 35తో గుణిస్తే దాదాపుగా మీ ఓవెన్ వాట్లు వచ్చేస్తాయి. 20 నుంచి 43కి పెరిగితే 23 డిగ్రీలు, అంటే దగ్గర దగ్గర 800 వాట్లు. ఒక లీటరు నీళ్ళు డిగ్రీ వేడెక్కడానికి పట్టే శక్తిని 120 సెకన్లతో భాగిస్తే వచ్చేదే ఆ 35.

మూడో పని: గిన్నె ఎంపిక

వేడి తట్టుకునే గాజు, లోహపు అంచులు లేని పింగాణీ, ఈ రెండూ ఉంటే నిశ్చింత. మిగతావన్నీ ఆలోచించి పెట్టాల్సినవే.

స్టీలు, అల్యూమినియం, ఇత్తడి, రాగి పాత్రలు వద్దు. లోహం తరంగాలని వెనక్కి కొడుతుంది, అంచులు, మొనలు ఉన్నచోట నిప్పురవ్వలు వస్తాయి. ఫోర్కు, ప్యాకెట్ మూతికి కట్టిన సన్నటి తీగ, కప్పు చుట్టూ ఉన్న బంగారు రంగు గీత, పెరుగు డబ్బా మీద అంటుకుని మిగిలిపోయిన రేకు ముక్క, ఇవి కంటికి ఆనక లోపలికి పోతుంటాయి, పెట్టేముందు గిన్నెని ఒకసారి తిప్పి చూడటం అలవాటు చేసుకోండి.

ప్లాస్టిక్ విషయంలో నా సలహా సూటిగా చెబుతున్నా: వడ్డించుకోవడానికి, ఫ్రిజ్‌లో దాచుకోవడానికి ప్లాస్టిక్ వాడుకోండి, వేడి చేసేముందు మాత్రం గాజులోకి మార్చుకోండి. తప్పనిసరైతే మైక్రోవేవ్‌కి పనికొస్తుందని స్పష్టంగా రాసి ఉన్నదో, అలల గీతల గుర్తు ఉన్నదో వాడండి. అడుగున త్రిభుజంలో 5 అని ఉంటే అది పాలీప్రొపిలీన్, మిగతా వాటికంటే వేడి తట్టుకుంటుంది, కానీ ఆ అంకె కేవలం ఏ రకం ప్లాస్టిక్కో చెబుతుంది, ఓవెన్‌కి పనికొస్తుందని చెప్పినట్టు కాదు. ఒకసారి వాడి పారేసే డబ్బాలు, నీళ్ళ సీసాలు, థర్మాకోల్ లాంటి తెల్లటి ట్రేలు అస్సలు వద్దు. నూనె, చక్కెర ఎక్కువున్న ఆహారం నీళ్ళు మరిగే వేడిని దాటిపోతుంది కాబట్టి మంచి ప్లాస్టిక్‌ని కూడా కరిగించగలదు. గీతలు పడి, రంగు మారి, పొర లేచిన డబ్బాని ఇక వేడికి దూరంగా ఉంచండి. గట్టిగా, పింగాణీలా కనిపించే మెలమైన్ పళ్ళేలు కూడా ఇందులోకి పనికిరావు.

న్యూస్‌పేపరు, గోధుమరంగు కాగితపు సంచులు అంటుకుంటాయి. గాజు అయినా సరే, ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా పెడితే, లేదా బాగా వేడెక్కిన గిన్నెని తడి గట్టు మీద పెడితే పగిలిపోవచ్చు.

ఏ గుర్తూ లేని గాజు లేదా పింగాణీ గిన్నె మీద అనుమానమొస్తే ఇలా చూడండి. ఖాళీ గిన్నెని, దాని పక్కన కప్పు నీళ్ళని పెట్టి ఫుల్ పవర్‌లో ఒక నిమిషం నడపండి. నీళ్ళు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే అది పనికొస్తుంది. గిన్నె కాలుతూ నీళ్ళు చల్లగా ఉంటే పక్కన పెట్టేయండి. ప్లాస్టిక్‌కీ, లోహపు గీతలున్న వాటికీ ఈ పరీక్ష వద్దు.

ఏ మోడ్‌లో ఉన్నారో చూసుకోండి

దీనికి విడిగా హెడ్డింగ్ పెట్టడానికి కారణం ఉంది. గ్రిల్, కన్వెక్షన్ కూడా ఉన్న ఓవెన్లలో గిన్నెల నియమాలు తలకిందులవుతాయి. మైక్రోవేవ్ మోడ్‌లో హాయిగా పనిచేసిన ప్లాస్టిక్ డబ్బా 200 డిగ్రీల కన్వెక్షన్‌లో కరిగి కారిపోతుంది. కన్వెక్షన్‌కి వాడే లోహపు ట్రే, మైక్రోవేవ్ మోడ్‌లో నిప్పురవ్వలు కక్కుతుంది. రెండూ కలిసి నడిచే కాంబినేషన్ మోడ్‌లో ఓవెన్‌తో పాటు వచ్చిన స్టాండు పెట్టొచ్చని మాన్యువల్ చెబితేనే పెట్టండి. కన్వెక్షన్ తర్వాత గోడలూ తలుపూ పళ్ళెం అన్నీ కాలుతుంటాయి, వెంటనే మైక్రోవేవ్ మోడ్‌లో ప్లాస్టిక్ పెట్టినా కరుగుతుంది. ఇంట్లో ఒకరు కేక్ చేసి వెళ్ళాక ఇంకొకరు వచ్చి పాలు వేడి చేసుకుంటారు, ఇద్దరికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

నాలుగో పని: ఆహారాన్ని సర్దడం, వేడి చేయడం

పెద్ద ముద్దగా కాకుండా పలచగా, వెడల్పుగా పరవండి. వీలైతే మధ్యలో గుంట చేసి చుట్టూ రింగులా సర్దండి, ఎందుకంటే తిరిగే పళ్ళెం మధ్యలో ఉన్నది కదలక ఒకేచోట ఉండిపోతుంది, అంచున ఉన్నది వేడి చోట్లన్నీ తిరిగొస్తుంది. చిన్న కప్పు ఒక్కటే పెడుతున్నా నట్టనడుమ కాకుండా అంచువైపు పెట్టండి. లావు ముక్కలు బయటికి, సన్నవి లోపలికి.

మూత పెట్టండి కానీ బిగించొద్దు. ఆవిరి లోపల ఉంటే వేడి సమంగా పాకుతుంది, కానీ దానికి బయటికి పోయే దారి ఉండాలి. పూర్తిగా బిగిసిన డబ్బా, మూత తీయని సీసా, రెండూ పేలుతాయి. మైక్రోవేవ్‌కి తగిన ప్లాస్టిక్ పొర కప్పితే అది ఆహారానికి తగలకుండా, ఒక మూల కాస్త తెరిచి ఉంచండి.

సగం సమయం అయ్యాక ఆపి, కింద నుంచి పైకి కలిపి, కలపలేనివైతే తిప్పి పెట్టి, మళ్ళీ నడపండి. ఫుల్ పవర్‌లో ఒకేసారి పెట్టేసే బదులు 50, 60 శాతం పవర్‌లో ఎక్కువ సేపు పెడితే మందంగా ఉన్న ఆహారం చాలా మెరుగ్గా వేడెక్కుతుంది. మామూలు ఓవెన్లలో తక్కువ పవర్ అంటే మాగ్నెట్రాన్ కాసేపు వెలిగి కాసేపు ఆగుతుంది, ఆ ఆగిన సమయంలోనే వేడి లోపలికి పాకుతుంది. శబ్దం మారుతుంటే పాడైందేమో అని భయపడక్కర్లేదు.

గంట మోగగానే తినకండి. ఒకటి రెండు నిమిషాలు మూతతోనే వదిలేయండి, వంట ఇంకా జరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాతే వేడి చూడాలి. మిగిలిన ఆహారాన్ని మళ్ళీ వేడి చేసినప్పుడు లోపల అంతటా 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి, మందంగా ఉన్నచోట, మధ్యలో, రెండు మూడు చోట్ల థర్మామీటరు గుచ్చి చూడండి. థర్మామీటరు లేకపోతే కలిపినప్పుడు మధ్యలోంచి కూడా ఆవిరి రావాలి, గిన్నె అడుగు మధ్యభాగం కూడా వేడిగా తగలాలి. అంచున పొగలు వస్తున్నాయి కదా అని సరిపెట్టుకోవద్దు.

అయితే వేడి చేస్తే చెడింది మంచిదైపోతుందనుకోవడం ప్రమాదం. వండిన ఆహారం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి: బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వండినా చావవు, అన్నం బయట వెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. రాత్రంతా గట్టు మీద ఉన్న అన్నాన్ని ఏ మైక్రోవేవూ బాగుచేయలేదు.

గడ్డకట్టిన మాంసం కరిగించేటప్పుడు ప్యాకింగ్ అంతా తీసేసి, డీఫ్రాస్ట్‌లో లేదా 30 శాతం పవర్‌లో, మధ్య మధ్య తిప్పుతూ, ఊడివచ్చిన ముక్కల్ని పక్కకి తీస్తూ చేయండి. అంచులు అప్పటికే కాస్త ఉడకడం మొదలై ఉంటాయి కాబట్టి కరిగిన వెంటనే వండేయాలి, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి రేపు చూద్దాం అనకూడదు. సగం ఉడికించి ఆపేయడమూ అంతే ప్రమాదం.

నీళ్ళు: అమాయకంగా కనిపించేవే ఎక్కువ కాలుస్తాయి

స్టవ్ మీద నీళ్ళు మరిగితే బుడగలు వస్తాయి, మనకి తెలుస్తుంది. మైక్రోవేవ్‌లో నున్నటి కప్పులో నీళ్ళు పెడితే బుడగ పుట్టడానికి గరుకైన చోటు దొరకక, నీళ్ళు 100 డిగ్రీలు దాటినా కదలకుండా నిలకడగా ఉండిపోగలవు. చూడటానికి ఇంకా కాగనట్టే ఉంటుంది. అప్పుడు చెంచా పెట్టినా, కాఫీ పొడి వేసినా, కప్పు కదిలినా ఒక్కసారిగా ఆవిరి పుట్టి కప్పులో నీళ్ళన్నీ పైకి ఎగజిమ్ముతాయి. చేతులు, ముఖం కాలేది ఇలాగే.

తప్పించుకోవడం కష్టమేమీ కాదు. కప్పులో చెక్క చెంచా లేదా చెక్క పుల్ల వేసి పెట్టండి, బుడగలు దాన్ని పట్టుకుని పుడతాయి. అవసరమైనంత సేపే పెట్టండి, "ఇంకో రెండు నిమిషాలు" అని ఊరికే నొక్కొద్దు. మధ్యలో ఒకసారి ఆపి కలపండి. అయిపోయాక 30 సెకన్లకి తగ్గకుండా లోపలే వదిలేసి, తర్వాత పొడవాటి చెంచాతో ముఖం పక్కకి పెట్టి కదిపి, అప్పుడు కప్పు తీయండి. ఒకసారి కాగి చల్లారిన నీళ్ళు మళ్ళీ పెడితే ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే వాటిలో కరిగి ఉండే గాలి అప్పటికే పోయి ఉంటుంది. నాకు చెప్పాలనిపించేది ఒకటే, ఇంట్లో కెటిల్ ఉంటే టీ నీళ్ళకి అదే వాడండి.

చంటిపిల్లల పాలసీసాని మాత్రం ఇందులో పెట్టొద్దు. సీసా బయట గోరువెచ్చగా ఉండి లోపల కొన్నిచోట్ల నోరు కాలేంత వేడి ఉంటుంది, తల్లిపాలకైనా పొడిపాలకైనా ఇదే మాట. వెచ్చటి నీళ్ళున్న గిన్నెలో సీసాని నిలబెట్టి, మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసి చూసుకుని పట్టండి.

పేలేవి, అంటుకునేవి

తొక్క లేదా పొర ఉన్నదేదైనా ఆవిరిని లోపల బంధిస్తుంది. బంగాళదుంప, టమాటా, వంకాయ, సాసేజ్ లాంటి వాటికి ఫోర్కుతో నాలుగైదు చోట్ల గుచ్చి, ఫోర్కు బయటే ఉంచి, అప్పుడు పెట్టండి. పెంకుతో ఉన్న గుడ్డు పెట్టకండి. ఉడికించి పెంకు తీసిన గుడ్డు కూడా నిరపాయం కాదు: పచ్చసొనలో చిన్న చిన్న చోట్ల నీళ్ళు మరిగే స్థాయి దాటి ఆగి ఉంటాయి, ఓవెన్‌లో ఏమీ కాదు, బయటికి తెచ్చి కొరికినప్పుడు నోట్లో పేలుతుంది. ముక్కలుగా కోసి పెట్టుకుంటే సరి.

సగానికి కోసిన ద్రాక్షపళ్ళ మధ్య మంటలాంటి మెరుపు వస్తుంది, వీడియోలు చూసి ప్రయత్నించకండి, ఓవెన్ పాడవుతుంది. నూనె విడిగా కాచొద్దు, ఇందులో దాని వేడిని అదుపు చేసే ఏర్పాటు లేదు. తడి లేని పదార్థాలు, పాప్‌కార్న్, ఎండిన బ్రెడ్డు, చాలా త్వరగా మాడి అంటుకుంటాయి, అవి పెట్టి వంటింట్లోంచి వెళ్ళిపోవద్దు. లోపల ఏమీ లేకుండా ఓవెన్ నడపొద్దు, పీల్చుకునేది లేక తరంగాలు వెనక్కి మాగ్నెట్రాన్‌కే తగులుతాయి. బట్టలు ఆరబెట్టడం, పొడి స్పాంజి పెట్టడం లాంటివి మంటలతో ముగుస్తాయి.

మంట వచ్చిందా? చేయి కాలిందా?

లోపల మంట కనిపిస్తే తలుపు తెరవకండి. ఆపేయండి, గోడ దగ్గర స్విచ్ తీయండి, చేయి అందితే ప్లగ్ పీకేయండి. లోపల గాలి అయిపోయి చాలావరకు అదే ఆరిపోతుంది, తలుపు తెరిస్తే గాలి దూరి మంట బయటికి వస్తుంది. బయటికి పాకుతుంటే అందరూ ఇంట్లోంచి బయటపడి అగ్నిమాపక శాఖకి ఫోన్ చేయండి.

గిన్నె ఎప్పుడూ పొడి చేతిగుడ్డతోనే పట్టుకోండి, గిన్నె తనంతట తాను వేడెక్కకపోయినా ఆహారం వేడి దానికి పాకుతుంది, తడి గుడ్డలోంచి వేడి వెంటనే చేతికి తగులుతుంది. మూతని మీకు అవతలివైపు నుంచి ముందు ఎత్తండి, ఆవిరి అటే పోతుంది. లోపల జామ్ ఉన్న బన్ను లాంటివి మోసం చేస్తాయి, పైన రొట్టె గోరువెచ్చగా, లోపల జామ్ నాలుక ఊడేంత వేడిగా ఉంటుంది.

చర్మం కాలితే వెంటనే పారే చల్లటి నీళ్ళ కింద 20 నిమిషాలు ఉంచండి, ఉంగరాలు, గాజులు వాచకముందే తీసేయండి. ఐస్ గానీ పేస్టు గానీ వెన్న గానీ పూయకండి. ముఖం కాలినా, పిల్లలకి కాలినా, బొబ్బలు పెద్దవైనా డాక్టరుకి చూపించాల్సిందే.

శుభ్రం చేయడం

చిందిన ఆహారం ఎప్పటికప్పుడు తుడిచేయాలి, ఎందుకంటే ప్రతిసారీ అది మళ్ళీ వేడెక్కి మాడుతుంది, చివరికి అక్కడే రవ్వలు వస్తాయి. ముందు వెడల్పాటి గిన్నెలో నీళ్ళు, రెండు నిమ్మ చెక్కలు, ఒక చెక్క చెంచా వేసి 3 నిమిషాలు నడిపి, తలుపు తీయకుండా 5 నిమిషాలు ఆగండి. ఆవిరికి జిడ్డు మెత్తబడుతుంది. తర్వాత ప్లగ్ తీసి, సబ్బునీళ్ళలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో లోపలి గోడలూ పైభాగమూ, తలుపు సీల్ చుట్టూ కూడా తుడవండి. స్టీలు పీచు వద్దు, దాని చిన్న తునక మిగిలినా నిప్పురవ్వలొస్తాయి.

లోపల పక్క గోడకి అట్టముక్కలా కనిపించే షీట్ ఒకటుంటుంది, సాధారణంగా మైకాతో చేసింది. తరంగాలు లోపలికి వచ్చే దారికి అదే మూత. ప్యాకింగ్ అట్ట అనుకుని కొందరు పీకేస్తారు, పీకకండి. దాని మీద జిడ్డు పేరుకుంటే మాడి రంధ్రం పడుతుంది. మాడితే ఆ మోడల్‌కి సరిపోయే కొత్త షీట్ వేయించి, అప్పటిదాకా ఓవెన్ ఆపేయండి.

రిపేరు

పైకప్పు స్క్రూలు విప్పే పని మీరు పెట్టుకోవద్దు, బల్బు మార్చడానికైనా సరే. మాగ్నెట్రాన్‌కి వేల వోల్టుల కరెంటు కావాలి, దాన్ని అందించే కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా ఆ చార్జిని పట్టి ఉంచుకోగలదు, తాకితే ప్రాణం పోవచ్చు. ఇంట్లో మిక్సీ, ఫ్యాను బాగుచేసుకునే నేర్పు ఉన్నవాళ్ళకే ఈ మాట మరీ చెబుతున్నా, ఎందుకంటే ధైర్యంగా విప్పేది వాళ్ళే.

లోహం లేకపోయినా రవ్వలు రావడం, కాలిన వాసన, ఎప్పుడూ లేని గట్టి రొద, బటన్ నొక్కకుండానే నడవడం, బాడీ పట్టుకుంటే షాక్ కొట్టడం, వీటిలో ఏది కనిపించినా ప్లగ్ తీసి, ఆ మోడల్ తెలిసిన టెక్నీషియన్‌ని పిలిపించండి. తలుపు, సీల్, లాక్ స్విచ్చుల్లో ఏది మార్చినా పని అయ్యాక లీకేజీ మీటరుతో తలుపు చుట్టూ కొలిచి, ఆ రీడింగ్ మీకు చూపించమని అడగండి.